నలభై ఏడు గుమ్మాల పోస్టమ్మ

మా వీధిలో ఎవరినైనా ఆపి పోస్టమ్మ ఇల్లెక్కడని అడిగితే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా గేటు ముందు నిలబెడతారు. అసలు పేరు చెప్పి అడిగితే మాత్రం బుర్ర గోక్కుంటారు. ఆ పోస్టమ్మ నా చెల్లెలు. వయసులో నాకంటే ఆరేళ్లు చిన్నది, ఎత్తులో రెండంగుళాలు పెద్దది. ఇరవై ఎనిమిదేళ్లు ఈ పట్టణంలో ఉత్తరాలు పంచింది. భుజాన ఖాకీ సంచి వేసుకుని ఈ వీధుల్లోకి వచ్చిన మొదటి ఆడమనిషి ఆమే. ఈ సంగతి ఆమె తనంతట చెప్పుకోదు. పెద్దవాణ్ణి, నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

మా ఇద్దరిదీ పల్లెటూరి బడి చదువే. ఒకే గది, ఒకే మాస్టారు, వాన పడితే సెలవు. ఐదో తరగతి కాగానే నేను పలక పక్కన పెట్టి లారీ ఎక్కాను. క్లీనరుగా మొదలై, బస్సు డ్రైవరునై, ముప్పై ఒక్క ఏళ్లు బండి నడిపాను. ఒక్క ప్రమాదం లేదు. కోడిపిల్లను కూడా తొక్కించలేదు. డిపోవాళ్లు మూడుసార్లు గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. మూడూ ఇప్పటికీ ఒకే టైము చూపిస్తాయి. చెల్లెల్ని పదో తరగతి దాకా చదివించింది నేనే. ఉద్యోగం కొత్తలో ఊళ్ల పేర్లు గుర్తుపట్టడం బస్సు బోర్డులు చూపించి నేర్పించాను. ఆ తర్వాత నాకు నేర్పే స్థాయికి ఆమె వెళ్లిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

మా వీధిలో నలభై ఏడు గుమ్మాలు. ఇటువైపు ఇరవై నాలుగు, అటువైపు ఇరవై మూడు. ఇది ఆమె రోజూ ఉత్తరాలు పంచే బీటులో కొసరు ముక్క మాత్రమే, మొత్తం బీటు దీనికి ఆరింతలు. ఏ ఇంటి గేటు ఎటు తెరుచుకుంటుందో, ఏ ఇంట్లో ఉత్తరం పెద్దాయన చేతిలో పెట్టాలో, ఏ ఇంట్లో పెట్టకూడదో ఆమెకు కంఠతా వచ్చు. అడ్రసు సగం చెరిగిపోయిన కవర్లు, పేరు తప్ప ఏమీ లేని కార్డులు కూడా ఆమె చేతిలో పడితే సొంత ఇంటికి చేరేవి. పోస్టాఫీసులో వాటిని ‘పోస్టమ్మ ఖాతా’ అనేవారు.

ఈ ఉద్యోగంలో మూడుసార్లు కుక్క కరిచింది. మొదటిసారి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. ఇంకొకరైతే కుక్క అనే మాట వినగానే గోడ ఎక్కేవాళ్లు. మా చెల్లెలు మూడో కాటుకు కట్టు కట్టించుకుంటూ నర్సుతో అన్న మాట నాకు గుర్తుంది. “దాని డ్యూటీ అది చేసింది, నా డ్యూటీ నేను చేశాను. ఉత్తరం మాత్రం ఇచ్చే వచ్చాను.”

అలాంటి మనిషి రిటైరైన నాలుగేళ్లకు కుక్కల షెల్టరులో వాలంటీరుగా చేరిందంటే మా ఇంట్లో నవ్వనివాళ్లు లేరు. మా ఆవిడైతే, కరిచినవాటి బాకీ తీర్చడానికి వెళుతున్నావా అంది.

షెల్టరు మార్కెట్టు వెనక పాత గోడౌనులో ఉంది. రెండు వరసల గదులు, మధ్యలో సిమెంటు దారి, తలుపు తలుపుకీ ఒక అట్టముక్క. దాన్ని నడిపేది ఒక పశువుల డాక్టరమ్మ. ఆమె పెట్టిన పద్ధతి నాకు నచ్చింది. కటకటాల వెనక అరిచే కుక్కను చూసి ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు, భయపడతారు. అదే కుక్క వీధిలో మనిషి పక్కన నడుస్తుంటే ముచ్చటపడతారు. అందుకని ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదికి ఒక్కో వాలంటీరు ఒక్కో కుక్కను బయటికి తీసుకెళ్లాలి. దానికి పసుపుపచ్చ కోటు తొడుగుతారు, కోటు మీద ‘నాకు ఇల్లు కావాలి’ అని ఉంటుంది. సాయంత్రం ఐదుకు తిరిగి తెచ్చి ఆ అట్టముక్క మీద రాయాలి. ఏం తింది, దేనికి భయపడింది, ఎవరితో కలిసింది, ఏం నేర్చుకుంది. కుక్క కోసం వచ్చినవాళ్లు ముందు ఆ అట్ట చదువుతారు, తర్వాతే కుక్కను చూస్తారు.

మా చెల్లెలికి అప్పగించిన కుక్క పేరు గోధుమ. రంగును బట్టి పెట్టారు. ఏడేళ్ల వయసు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి పడి ఉంటుంది. పాత యజమానులు ఇల్లు మారుతూ దాన్ని షెల్టరు గేటుకు కట్టేసి వెళ్లారట. తర్వాత ఒక కుటుంబం తీసుకెళ్లి, పిల్లకు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయని నెల తిరగకుండా తెచ్చి ఇచ్చేసింది. గోధుమ ఎవరినీ ఏమీ అనేది కాదు. గది మూలన గోడవైపు తిరిగి కూర్చునేది. మనుషులవైపు వీపు పెట్టి కూర్చున్న కుక్కను ఎవరు కోరుకుంటారు?

మా ఇంటికే తెచ్చుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. చెల్లెలు, బావ మా ఇంటి పై వాటాలో ఉంటారు. మా బావకు కుక్క వెంట్రుక గాలికి తగిలినా ఇరవై తుమ్ములు. కింది వాటాలో మేముంటాం. ఉంటాం అన్నానే గానీ, ఇల్లు మా ఆవిడ పెంచే మూడు పిల్లులది, మేమిద్దరం వాటి దగ్గర అద్దెకున్నాం.

ఆదివారాలు గడిచాయి. చెల్లెలు గోధుమను ఎక్కడికి తీసుకెళ్లేదనుకున్నారు? పార్కుకు కాదు, మైదానానికి కాదు. సరాసరి తన పాత బీటుకు. కాళ్లకు అలవాటైన దారి అది. ఒకటో గుమ్మం దగ్గర మొదలుపెట్టి నలభై ఏడో గుమ్మం దాకా, ఒక్కటి కూడా వదలకుండా. చేతిలో సంచి లేకపోయినా ప్రతి గేటు దగ్గర ఆగేది, ఉత్తరాల డబ్బా వైపు ఒకసారి చూసేది, ఒక క్షణం నిలబడి ముందుకు నడిచేది. నాలుగేళ్లుగా అలాగే నడుస్తోంది. అలా నడుస్తున్నానని ఆమెకే తెలియదు. లోపలివాళ్లు ఆమెను చూసి గేటు తెరిచేవారు, కుశలం అడిగేవారు, గోధుమకు ఒక బిస్కెట్టు పెట్టేవారు. వారాలు గడిచేకొద్దీ గోధుమ గోడవైపు చూడటం మానేసింది. గేట్లవైపు చూడటం నేర్చుకుంది. తొమ్మిదో ఆదివారానికి చూడాలి దాన్ని, ప్రతి గేటు ముందు తనంతట తానే ఆగి, ముందు కాళ్లు జతచేసి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేది. వీధిలో వాళ్లు దానికి రిజిస్టరు పోస్టు అని పేరు పెట్టారు, సంతకం పెట్టేదాకా కదలదని.

మాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఆ రోజు అట్ట రాసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఏం నేర్చుకుంది అన్న చోట ఏం రాయమంటావు అన్నయ్యా అని అడిగింది. నేను చెప్పిన వాక్యమే రాసింది. ‘ప్రతి గుమ్మం దగ్గర మర్యాదగా కూర్చుంటుంది.’ ఆ వాక్యం నాది. తర్వాత జరిగినదానిలో నా వాటా ఎంతో తెలియాలని ఇది ఒప్పుకుంటున్నాను.

ఆ వాక్యం చదివి ఒక కుర్ర జంట ముచ్చటపడ్డారు. ఇద్దరూ ఉద్యోగస్తులే. ఇంత బుద్ధిమంతురాలైన కుక్క ఇంకెక్కడ దొరుకుతుందని గోధుమను తీసుకెళ్లారు. చెల్లెలు ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చింది, సంతోషంతోనే. నేను మూడు గడియారాలకూ కీ ఇచ్చాను. శుభవార్త వింటే నేను చేసే పని అది.

ఎనిమిదో రోజు గోధుమ తిరిగొచ్చింది.

వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఉదయం పావుగంట తిప్పుకొద్దామని బయల్దేరితే మలుపు తిరిగేలోపే ఆఫీసు టైమైపోయేది. గేటు కనపడితే కూర్చునేది. లెమ్మంటే లేవదు, పదమంటే కదలదు, లాగితే ఇసుక మూటలా బిగుసుకునేది. ఒకరోజు ఆ అబ్బాయి దాన్ని చంకనెత్తుకుని ఆఫీసు బట్టలతో నాలుగు వీధులు నడిచాడట. అట్ట మీద మర్యాదని రాశారు, ఇది మొండితనమండీ అని డాక్టరమ్మతో అన్నాడు. చిన్నవాడైనా మాటలో న్యాయముంది. వాళ్లు అదే రోజు ఇంకో చిన్న కుక్కను తీసుకుని వెళ్లారు. అది ఇప్పటికీ వాళ్ల దగ్గర సుఖంగా ఉంది.

డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పింది. షెల్టరులో ఉన్నవి ముప్పై గదులు. రెండుసార్లు వెళ్లి రెండుసార్లు తిరిగొచ్చిన కుక్కను నెలాఖరుకు పట్టణం బయట ఉన్న పెద్ద దొడ్డికి పంపించాలి. అక్కడ నూట యాభై కుక్కలు. తిండికి లోటు లేదు, కానీ ఆదివారం షికార్లుండవు, పసుపు కోట్లుండవు, అంత దూరం వెళ్లి కుక్కను ఎంచుకునేవాళ్లూ ఉండరు. నెలాఖరుకు ఇంకా రెండు ఆదివారాలున్నాయి.

 ఇంటికొచ్చాక గేటు దగ్గర చెల్లెలు అంది, “గోడవైపు కూర్చునేదాన్ని గేటువైపు కూర్చోబెట్టాను. అంతే కదా నేను చేసింది. దానికి ఇల్లు వస్తే నా నడక పోగొట్టింది.”

నేను ఊరుకునే రకం కాదు. ముప్పై ఒక్క ఏళ్లు నడిపినవాణ్ణి, ఒక కుక్కను నడపలేనా అనుకున్నాను. ఆమె నడిపేది ప్యాసింజరు సర్వీసు, ప్రతి స్టాపులో ఆగుతుంది. నేను ఎక్స్‌ప్రెస్ నడుపుతాను, చూస్తూ ఉండు అన్నాను. కుక్కతోక వంకర ఎవరు తీశారు అన్నయ్యా అంది. తోక సంగతి నాకు తెలియదు, కాళ్ల సంగతి తెలుసు అన్నాను.

మొదటి ఆదివారం ఉదయం గోధుమ తాడు పట్టుకుని రోడ్డు మధ్యకు వచ్చాను, ఎటూ చూడకుండా, హారన్ ఒక్కటే తక్కువ. ఒకటో గుమ్మం దగ్గరే ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. గోధుమ ఒకవైపు, నేను ఒకవైపు. నేను బలంగా లాగాను. గోధుమ కదల్లేదు, నా చెప్పు తెగింది. గేటు లోపలి నుంచి ఒకావిడ బిస్కెట్టు తెచ్చి గోధుమకు పెట్టి, నాకు పిన్నీసు ఇచ్చింది. ఆ రోజు మొత్తం మీద నేను పెద్ద ఘనకార్యం చేసినట్టు చెప్పలేను. మూడు గుమ్మాలు దాటేసరికి పదిన్నర.

నాలుగో గుమ్మం తాళాల మాస్టారిది. ఈయన గురించి చెప్పాలి. నలభై ఏళ్లు మార్కెట్టు మలుపులో తాళాల దుకాణం నడిపారు. ఈ పట్టణంలో ఆయన తీయలేని తాళం లేదంటే అబద్ధం కాదు. బ్యాంకువాళ్లు కూడా రెండుసార్లు పిలిపించుకున్నారు. పొదుపుగా మాట్లాడతారు, కానీ తన పని మీద ఒక మాట అందరికీ చెప్పేవారు. తాళం పగలగొట్టడం ఎవడికైనా వచ్చు, తాళానికి దెబ్బ తగలకుండా తీయడమే పనితనం అని. నిరుడు ఊపిరితిత్తుల జబ్బు చేసి దుకాణం కూతురికి అప్పగించారు. ఆ అమ్మాయి బాగానే నడుపుతోంది. డాక్టరు ఈయన్ను రోజూ నడవమన్నాడు.

నడవడం మొదలుపెట్టారు. నాలుగిళ్లు దాటితే ఊపిరి అందదు. వీధిలో నిలబడి రొప్పుతుంటే నలుగురూ చూస్తారు, కుర్చీ తెస్తారు, అయ్యో అంటారు. నలభై ఏళ్లు నలుగురికీ తలుపులు తెరిచిన మనిషికి అయ్యో అనిపించుకోవడం ఇష్టం లేదు. అందుకని ఉపాయం చేశారు. ఊపిరి అందనిచోటల్లా పక్కనున్న గేటు మీదికి వంగి, తాళం పట్టుకుని పరీక్షగా చూసేవారు. తుప్పు పట్టింది, నూనె వేయించాలి అనేవారు. ఆ లోపు ఊపిరి సర్దుకునేది. పాతవాళ్లు నవ్వుకుని ఊరుకున్నారు. కొత్తగా అద్దెకొచ్చిన ఒకావిడకు ఆయనెవరో తెలియదు. రెండు రోజులు వరసగా తన గేటు తాళం తడుముతుంటే చూసి, మా తాళంతో మీకేం పని అని గట్టిగా అడిగింది. ఆ మాట ఆ మనిషికి ఎక్కడ తగిలిందో, మూడు వారాలుగా గుమ్మం దాటలేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మా చెల్లెలికి మాత్రం ముందే తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లు గుమ్మాలు చూసిన కళ్లు కదా. ఎవరు తలుపు తీయడానికి ఎంతసేపు తీసుకుంటారో లెక్కపెట్టుకున్న మనిషి, ఎందుకు ఆలస్యమవుతోందో కూడా చూస్తుంది.

నేను నాలుగో గుమ్మం దగ్గర గోధుమతో బతిమాలుకుంటూ ఉంటే మాస్టారు వరండాలో కూర్చుని చూస్తున్నారు. చెల్లెలు నా వెనకాలే వస్తోంది. వచ్చి ఆగింది. గోధుమను చూసింది, వరండాలోకి చూసింది. మళ్లీ గోధుమను చూసింది. ఆ తర్వాత ఉన్నట్టుండి కుంటడం మొదలుపెట్టింది.

గేటు తెరుచుకుని లోపలికి వెళ్లింది. “మాస్టారూ, ఒక సాయం చేస్తారా? ఇవాళ నా మోకాలు చెప్పిన మాట వినడం లేదు. దీన్ని కాస్త ముందుదాకా తిప్పి తెస్తారా?”

“నాకెందుకమ్మా కుక్కలూ గిక్కలూ. మీ అన్నగారున్నారుగా.”

“ఆయన చెప్పు తెంపుకున్నాడు. అయినా ఈ పని ఆయన వల్ల కాదు, తొందర మనిషి. దీనికొక రోగం ఉంది మాస్టారూ. ప్రతి గేటు దగ్గరా కూర్చుంటుంది. అది కూర్చుంటే మనం నిలబడాల్సిందే, వేరే దారి లేదు. ఓపికున్నవాళ్లే దీన్ని తిప్పగలరు.”

నాకు విషయం తెలియదు, మాస్టారికి జబ్బని మాత్రం తెలుసు. మంచి మనసుతోనే, ఆయనకు ఆయాసం కదమ్మా అని చెప్పబోయాను. ఆయనకు అనేదాకా వచ్చిందో లేదో, చెల్లెలు నా కాలు తొక్కింది. చెప్పు లేని కాలు. ఇరవై ఎనిమిదేళ్లు నడిచిన పాదం బరువు ఎంతుంటుందో ఆ రోజు తెలిసింది. మిగతా మాట గొంతులోనే ఆగిపోయింది.

మాస్టారు నావైపు చూడలేదు. గోధుమవైపే చూస్తున్నారు. అది గేటు బయట వెన్ను నిటారుగా పెట్టి, ఒక చెవి లేపి, సంతకం కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

“ఎంతసేపు కూర్చుంటుంది?” అన్నారు.

“దాని ఇష్టం. మనం చెప్పేది వినదు.”

ఆయన కుర్చీలోంచి లేచారు. చెప్పులు తెచ్చుకోనీ అన్నారు.

చెల్లెలు వరండాలో మోకాలు పట్టుకుని కూర్చుంది. నన్ను వెనకాల వెళ్లమని కనుసైగ చేసింది, నోటి మీద వేలు పెట్టి మరీ. మా అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదని ఆమె పుట్టినప్పటి నుంచీ అంటున్న మాట. నేను పది అడుగులు వెనకగా, వేరే పని మీద వెళుతున్నవాడిలా నడిచాను.

ఐదో గుమ్మం వచ్చింది. గోధుమ కూర్చుంది. మాస్టారు ఆగారు. తాడు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి గేటు మీద వేసి, తల కొంచెం వంచి నిలబడ్డారు. వీపు ఎగసి పడుతోంది, వెనక నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. గేటు లోపలి పెద్దాయన బయటికొచ్చి చూశాడు. ఆయన ఆయాసం గురించి అడగలేదు. ఏం మాస్టారూ, రిజిస్టరు పోస్టు మీకు డ్యూటీ వేసిందా అన్నాడు. ఏం చేస్తామండీ, ఇది కదలదు అన్నారు మాస్టారు. నాలుగు మాటలయ్యాయి. వీపు ఎగసిపడటం తగ్గింది. ఆయన గేటు మీది చెయ్యి తీసి, తనలో తాను మెల్లగా అన్నారు, “ఆ, అయింది.”

గోధుమ లేచింది.

నేను నిలబడిపోయాను. ఆ కుర్రవాడు లాగినా లేవనిది, నేను లాగితే చెప్పు తెగినది, ఆ ఒక్క మాటకు స్ప్రింగు పెట్టినట్టు లేచి ముందుకు నడిచింది. ఆరో గుమ్మం దగ్గర చెవి రిక్కించి విన్నాను. మళ్లీ అదే. ఆయన ఊపిరి అందేదాకా నిలబడి, అయింది అన్నారు, అది లేచింది. ఆయనకిది దుకాణంలో అలవాటు. తాళం లోపల ముళ్లు సర్దుకుని చప్పుడు చేయగానే ఆ మాట అనేవారు. దుకాణం ముందు నిలబడి నేనే ఎన్నోసార్లు విన్నాను.

పదకొండో గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి కూడా గేటు గేటుకూ ఆగుతూ వచ్చారు. దారిలో ఆ కొత్తావిడ గేటు కూడా ఉంది. గోధుమ అక్కడా కూర్చుంది. ఆవిడ బయటికొచ్చి పసుపు కోటు మీది మాట చదివింది, మాస్టారి మొహం చూసింది. అన్న మాటకు నొచ్చుకుందో ఏమో, మీ కుక్క బాగుందండీ అంది. నా కుక్క కాదమ్మా అన్నారు ఆయన. అన్న తీరులో కాస్త విచారం నాకు వినిపించింది.

ఆ సాయంత్రం చెల్లెలికి ఆ ‘అయింది’ సంగతి చెప్పాను. ఆమె నమ్మలేదు. నేను అలా అంటానా అన్నయ్యా అంది. నడిచి చూపించమన్నాను. ఇంట్లోనే వంటగది గుమ్మం, పడకగది గుమ్మం, వీధి గుమ్మం, మూడింటి దగ్గరా ఆగింది, మూడింటి దగ్గరా పెదవులు కదిలాయి. ఒక ఇల్లు పూర్తయితే అయింది అనుకోవడం. ఇరవై ఎనిమిదేళ్లు. రోజుకు ఎన్ని గుమ్మాలో, ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో నేను కాగితం మీద లెక్క వేయబోతే మా ఆవిడ కాగితం లాక్కుంది. చెల్లెలు మాత్రం కుర్చీలో కూలబడి, నవ్వి, కళ్లు తుడుచుకుని, ఎవరికీ చెప్పని మాట కుక్క విన్నది అంది.

ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఆ మాట అట్ట మీద రాస్తే గోధుమను ఎవరైనా తీసుకెళ్లవచ్చు. మాస్టారు అడుగుతారో లేదో తెలియదు. ఆయన్ను అడగనూ కూడదు, అడిగితే మీ ఆయాసం కోసం కుక్కను ఇస్తున్నాం అన్నట్టే ఉంటుంది. అలా అని మాట దాచిపెట్టి, ఆయన అడగకపోతే, గోధుమ దొడ్డికి పోతుంది. నేను చెల్లెలితో, పద, నేరుగా చెప్పేద్దాం అన్నాను. ఆమె రాత్రంతా నిద్రపోలేదని బావ చెప్పాడు. ఉదయం షెల్టరుకు వెళ్లి నా పాత వాక్యం కొట్టేసి ఇలా రాసింది. ‘ప్రతి గేటు దగ్గర కూర్చుంటుంది. అయింది అంటే లేస్తుంది. ఎక్కడికైనా తొందరగా చేరాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.’ ఉన్నది ఉన్నట్టు రాయకపోతే అది అడ్రసు తప్పు రాసినట్టే అన్నయ్యా, ఎక్కడికో చేరి తిరిగొస్తుంది అంది.

వారమంతా ఎవరూ రాలేదు. ఇద్దరు వచ్చి అట్ట చదివి పక్క గదికి వెళ్లారు. ఆఖరి ఆదివారం ఉదయం తొమ్మిది కాకముందే మేము షెల్టరుకు వెళ్లేసరికి సిమెంటు దారి మీద తాళాల మాస్టారు నిలబడి ఉన్నారు. కూతురు స్కూటరు మీద దించిందట. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అట్ట చేతిలో పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చదువుతున్నారు. గోధుమ అప్పటికే పసుపు కోటుతో గది తలుపు ముందు కూర్చుని ఉంది, గోడవైపు కాదు, ఆయనవైపు తిరిగి.

డాక్టరమ్మ తన పద్ధతి ప్రకారం అడిగింది, కుక్క మీకెందుకు కావాలి అని.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. “ఇంటికి కాపలా కావాలండీ,” అన్నారు.

నలభై ఏళ్లు ఈ పట్టణం మొత్తానికి తాళాలు వేసిన మనిషికి కాపలా కుక్క కావాలట. అది కూడా గేటు దగ్గరికి ఎవరొచ్చినా బిస్కెట్టు కోసం చూసే కుక్క. నా నాలుక చివర నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. చెల్లెలు నా కాలివైపు చూసింది. అవసరం లేకపోయింది. నేనే నోరు మూసుకుని, గోధుమ ఒంటి మీది పసుపు కోటు తాళ్లు విప్పాను. డాక్టరమ్మ కాపలాకు మంచి కుక్కేనండీ అంటూ రాసుకుంది. ఆమె కూడా తెలివైన మనిషి.

ఇది జరిగి మూడు నెలలు దాటింది. చెల్లెలికి ఇప్పుడు ఇంకో కుక్కను అప్పగించారు, నల్లది, గంతులు వేసేది. దాన్ని మాత్రం మైదానానికి తీసుకెళుతోంది. ఆమె ఘనతల్లో ఇంకొకటి చేర్చాలి. గోధుమతో కలిపి ఆమె చేతుల మీదుగా ఇళ్లకు చేరిన కుక్కలు ఇప్పటికి ఐదు. ఒక్కదాని అట్ట మీదా పొగడ్తలు లేవు, ఉన్నది ఉన్నట్టు ఉంది. అలా వెళ్లినవాటిలో ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

మాస్టారు మొదట పదకొండో గుమ్మం దాకా నడిచేవారు. తర్వాత మలుపు దాకా, ఇరవై నాలుగు. ఆ తర్వాత రోడ్డు దాటి అటువైపు మొదలుపెట్టారు. మా ఇల్లు ముప్పై ఒకటో గుమ్మం. మొన్న ఆదివారం ఉదయం పదింటికి మా గేటు ముందు గోధుమ కూర్చుని ఉంది. మెడకు కొత్త పట్టీ, దానికి చిన్న ఇత్తడి తాళం, అలంకారానికే. పక్కన మాస్టారు గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. మనిషి మొహంలో రంగు వచ్చింది.

గేటు తెరిచాను. మూడు పిల్లులూ కిటికీలోకి చేరి వీపులు విల్లులా వంచాయి. గోధుమ వాటిని పట్టించుకోలేదు, డ్యూటీలో ఉంది.

“ఏం కుక్కండీ ఇది, మనిషిని నడవనివ్వదు,” అన్నారు మాస్టారు గట్టిగా, వీధికి వినపడేలా.

“అలవాటు చెడ్డది,” అన్నాను నేనూ గట్టిగానే.

ఆయన ఊపిరి తీసుకున్నారు. నేను బిస్కెట్టు తెచ్చాను. చెల్లెలు ఇంట్లో లేదు, మైదానంలో నల్లదాని వెంట పరుగెడుతోంది. ఆ మాట చెప్పాను. ఆయన తల ఊపి, కాసేపు మా గేటు తాళం వైపు చూశారు. ఈసారి నిజంగానే చూశారు.

“డ్రైవరుగారూ, మీ చెల్లెలికి నా మాటగా ఒకటి చెప్పండి. తాళానికి దెబ్బ తగలకుండా తీసిందని చెప్పండి.”

 తెలుసన్నమాట ఈయనకు, మొదటి రోజు నుంచీ తెలుసు. మోకాలి నొప్పి, నా కాలు తొక్కడం, నేను పది అడుగుల వెనక నడవడం, అన్నీ చూశారు. చూసి కూడా చెప్పులు తెచ్చుకున్నారు. అలాగే చెబుతానండీ అన్నాను.

ఆయన గేటు మీది చెయ్యి తీశారు. అయింది అన్నారు. గోధుమ లేచింది. ఇద్దరూ ముప్పై రెండో గుమ్మం వైపు నడిచారు.

ఆ మాట చెల్లెలికి చెప్పాను. మొదటి రోజు సంగతి మాత్రం మూడు నెలలుగా వీధిలో ఒక్కరితోనూ అనలేదు. మా అన్నయ్య నోట్లో మూడు నెలలు నువ్వుగింజ నానిందని ఆమె ఇప్పుడు అందరికీ చెబుతోంది. ఇది రాసే ముందు మాస్టారి దగ్గరికి వెళ్లి రాయనా అని అడిగాను. ఆయన గోధుమ చెవి సర్దుతూ, రాసుకోండి, కాపలాకే తెచ్చుకున్నానని మాత్రం మరిచిపోకుండా రాయండి అన్నారు.

కాపలాకే తెచ్చుకున్నారు.